ఎర్రపట్టీ ఆవు

బోర్లించిన బకెట్టు బోర్లించినట్టే ఉంది. శేషగిరి దాన్ని తిరగేసి లోపల వేలితో తడిమి చూశాడు. చుక్క తడి లేదు. సోమవారం పొద్దున తనే వేణ్ణీళ్ళతో కడిగి అక్కడ పెట్టాడు. దాని గొట్టం కూడా తను చుట్టిపెట్టిన చుట్టలోంచి కదల్లేదు. ఇవాళ మంగళవారం. మధ్యలో ఒక పూట పాలు తీశారు. ఆ పూట తీసింది తను కాదు.

అతను తలెత్తి ఆవుల వరసకేసి చూశాడు.

ఈ పాలశాలలో మనుషులు గుంతలో నిలబడతారు. ఆవులు రెండు పక్కలా గట్టు మీద వరసగా నిలబడతాయి. పొదుగులు మనిషి ఛాతీ ఎత్తుకు వస్తాయి. కుడి వరసలో ఎనిమిదో చోట 214 నంబరు ఆవు నెమరు వేస్తూ నిలబడి ఉంది. దానికి పొదుగువాపు వచ్చి, శనివారం నుంచి మందు పడుతోంది. మందు పడే ఆవు పాలు ట్యాంకులో కలవకూడదు. అందుకని వెనక కాలికి ఎర్ర పట్టీ కట్టి, దాని పాలు విడిగా ఆ బకెట్టులోకి తీసి పారబోస్తారు. ఒక్క పూట కలిసినా ట్యాంకు మొత్తం పాడైనట్టే.

శేషగిరి 214 వెనక కాలు పట్టుకుని చూశాడు. పట్టీ ఉంది. దాని మీద పేడ గడ్డకట్టి రంగు కనపడకుండా పోయింది. గోరుతో గీకితే అడుగున ఎరుపు బయటపడింది. ఎదురుగోడ మీద పలకలో 214 అని ఎర్ర సుద్దతో అరచేయంత అంకెల్లో రాసి ఉంది. అదీ తన చేతిరాతే. గీకి చూడాలని గానీ, తలెత్తి చదవాలని గానీ ఆ పూట పాలు తీసిన ట్రెంట్‌కు తోచలేదు. తోచకపోతేనేం, ట్రెంట్ యజమాని కొడుకు.

మనిషి మరీ చెడ్డవాడని కాదు. సోమవారం ఎవరికీ ఒళ్ళు తెలియలేదు. ఆదివారం మధ్యాహ్నం హ్యూరన్ సరస్సు మీది నుంచి గాలి లేచింది. గంటసేపట్లో రోడ్డు కనపడలేదు, మరో గంటకు కంచె కనపడలేదు. సోమవారం పొద్దుటికి పాలశాల తలుపు సగం దాకా మంచు. టౌను నుంచి వచ్చే ఇద్దరు పాలు తీసేవాళ్ళు రాలేమని ఫోన్ చేశారు. చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేశారు. సోమవారం రావాల్సిన పాల ట్రక్కు రాలేదు. నూట పది ఆవులకు ఇవేవీ పట్టవు గనక వేళకు పొదుగులు నిండాయి. నీళ్ళ తొట్లు గడ్డకడితే శేషగిరి వేడినీళ్ళు మోసి కరిగించాడు. మధ్యాహ్నం దూడల కొట్టం పైకప్పు కిర్రుమంటోందని యజమాని గెరిట్ కేకేస్తే, నడుముకు తాడు కట్టుకుని పైకెక్కి, సాయంత్రం దాకా పారతో మంచు తోశాడు. ఇరవై ఆరు దూడలను ఒక్కొక్కదాన్ని ఎత్తుకుని పక్క కొట్టంలోకి మార్చాడు. సాయంత్రం పూట పాలు నేను తీస్తానులే అని ట్రెంట్ అన్నప్పుడు అతనికి ఆ కుర్రాడి మీద నిజంగానే ప్రేమ పుట్టింది.

ఇప్పుడు 214 పాలు బకెట్టులోకి తీసి, మిగిలిన ఆవుల పని ముగించి, శేషగిరి ట్యాంకు గదిలోకి వెళ్ళాడు. మూత తీసి గరిటెడు పాలు ముంచాడు. చూడ్డానికి మంచి పాలే. వాసన మంచిదే. మందును ముక్కు పట్టలేదు. అల్మరాలోంచి పరీక్ష పట్టీ తీసి, చుక్కలు వేసి, గడియారం చూస్తూ నిలబడ్డాడు. పాలు మంచివైతే పట్టీ మీద రెండు గీతలు రావాలి. ఒకటే వచ్చింది. ఇంకో పట్టీ వేశాడు. దాని మీదా ఒకటే.

కందుకూరు దగ్గర పాల కేంద్రంలో ఇరవై రెండేళ్ళు కొలపాత్ర పట్టినవాడు శేషగిరి. అతను సంతకం పెట్టి పంపిన క్యాను ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఏడువేల లీటర్ల ట్యాంకు ముందు ఆ రెండు పట్టీలూ చేతిలో పట్టుకుని, ఇది ఎవరికి ఎలా చెప్పాలా అని నిలబడ్డాడు. చెప్పకుండా ఉండొచ్చు అన్న ఆలోచన అతనికి రాలేదు. అదే అతనితో వచ్చిన చిక్కు.

గెరిట్ ట్రాక్టరు షెడ్డులో మంచు తోసే బకెట్‌కు గొలుసు బిగిస్తున్నాడు. అరవై దాటిన డచ్చి మనిషి. మోకాళ్ళు పోయాయి గానీ చేతులు పోలేదు. తన తాత ఈ నేల కొన్నప్పటి ఫొటో వంటింట్లో ఉంటుంది. శేషగిరిని గిరి అంటాడు. సార్ అని పిలవొద్దని మొదటి రోజే చెప్పాడు. శేషగిరికి పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, ఈ రెండేళ్ళూ ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాడు.

పట్టీలు చూపించగానే గెరిట్‌కు అంతా అర్థమైపోయింది. ఎవరు, ఎప్పుడు అని అడగలేదు. ట్రెంట్‌కు చెప్పావా అన్నాడు. లేదన్నాడు శేషగిరి. చెప్పొద్దన్నాడు గెరిట్. తర్వాత షెడ్డు తలుపు సందులోంచి బయటికి చూశాడు. బయట కురుస్తున్న మంచు తప్ప ఏమీ లేదు. మెల్లగా అతని ముఖం తేరుకుంది.

రోడ్లు మూసి ఉన్నాయి. ట్రక్కు ఇవాళా రాదు. ట్యాంకు ఎలాగూ నిండింది, ఎలాగూ పారబోయాల్సిందే. చుట్టుపక్కల ప్రతి ఫారంలోనూ ఇవాళ అదే పని. మంచు వల్ల పారబోశామని రాసుకుంటారు, ఎవరూ ఎవరినీ అడగరు. మంచు గెరిట్ నెత్తిన పాలు పోసింది. భోజనాలయ్యాక వాల్వు తిప్పుదాం, ఇందులో ఎవరి తప్పూ లేదు అని అతను శేషగిరి భుజం తట్టాడు. మంచిదే అనుకున్నాడు శేషగిరి. అబద్ధమే అయినా ఎవరి నెత్తినా పడని అబద్ధం.

పదకొండున్నరకు గాలి ఉన్నట్టుండి పడిపోయింది. ఆకాశం ఒక పక్క తెల్లబడింది. కాసేపటికి రోడ్డు వైపు నుంచి మంచు తోసే బండి చప్పుడు వినిపించింది. రెండు రోజులుగా అందరూ ఎదురుచూసిన చప్పుడు. గెరిట్ ఫోన్ మోగింది. రోడ్డు తెరుస్తున్నారు, ముందు మీ ఫారానికే వస్తున్నాను, రెండింటికల్లా ఉంటాను అన్నాడు ట్రక్కు డ్రైవరు.

గెరిట్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇక మంచు పేరు చెప్పడానికి లేదు. రోడ్డు తెరిచి, ట్రక్కు వాకిట్లోకి వస్తున్నప్పుడు పాలు ఎందుకు పారబోశారని అడుగుతారు. కారణం రాయాలి. కారణం పక్కన మనిషి పేరు రాయాలి. రెండు రోజుల్లో ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ మనిషి పని చూస్తుంది.

అతను ట్యాంకు గదిలోంచి నీలం అట్ట పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పోయిన వేసవి పేజీ తీసి చూపించాడు. అక్కడ కూడా మందు పాలు ట్యాంకులో కలిశాయని రాసి ఉంది. పేరు ట్రెంట్‌ది. అదే పేరు రెండోసారి పడితే ట్రెంట్ శిక్షణ పత్రం పోతుంది. మార్చిలో ఫారం అతని పేరు మీదికి మారాలి. కాగితాలన్నీ సిద్ధమయ్యాయి. ఆ పత్రం లేకపోతే లైసెన్సు మారదు.

"నీ పేరు మీద ఇంతవరకు ఏమీ లేదు, గిరి" అన్నాడు గెరిట్. "ఒక్కసారి తప్పు ఎవరైనా చేస్తారు. నీకు మళ్ళీ శిక్షణ ఇస్తారు, అంతే."

శేషగిరి ఆ పేజీలోని పేరు మళ్ళీ ఒకసారి చదివాడు.

"గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళాక నీ పీఆర్ ఫారం సంగతి చూద్దాం" అన్నాడు గెరిట్, పుస్తకం వైపే చూస్తూ.

ఆ ఫారం అక్టోబరు నుంచి గెరిట్ వంటింటి సొరుగులో ఉంది. పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేయాలంటే యజమాని సంతకం కావాలి. కోతలయ్యాక అన్నాడు, క్రిస్మస్ అయ్యాక అన్నాడు. శేషగిరి వర్క్ పర్మిట్ ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన అయిపోతుంది. ఆ లోపల సంతకం పడకపోతే అతనూ, భార్య శ్యామలా, ఆరో తరగతి చదివే కూతురు ధాత్రీ పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఈ సంగతి గెరిట్‌కు తెలుసు. తెలుసు గనకే ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఊరుకున్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడి నోరు పాడుచేసుకోలేదు. అన్నం తిని వస్తానని శేషగిరి బయటికి నడిచాడు.

వాళ్ళుండే చెక్క ఇల్లు కొట్టం వెనకే, రెండొందల అడుగుల దూరం. దారి తప్పకుండా కట్టిన తాడు పట్టుకుని, మొలలోతు మంచులో కాళ్ళు ఊడదీసుకుంటూ నడిచాడు. ధాత్రి బడి లేక లోపలి గదిలో ట్యాబ్ పెట్టుకుని కూర్చుంది. శ్యామల చారు వేడి చేసి కంచం పెట్టింది. అతను కలుపుతూ కలుపుతూ సంగతంతా గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె గరిటె చేత్తో పట్టుకునే విన్నది.

"నువ్వే చేశావని రాసిస్తే సంతకం పెడతానన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాట అన్లా. గురువారం తరవాత చూద్దాం అన్నాడు."

"అంటే అదే గదా బావా."

"అదే."

ఆమె గరిటె గిన్నెలో పెట్టి ఎదురుగా కూర్చుంది. వేలితో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

"ఇరవై రెండేళ్ళల్లో ఒక్క క్యాను ఎనక్కి రాలేదు శ్యామలా" అన్నాడు శేషగిరి.

"ఆ క్యాన్లకి ఈ దేశంలో పీఆర్ పాయింట్లు లేవు గదా" అంది శ్యామల.

అనేశాక ఆమెకే మనసు చివుక్కుమంది. లేచి ఇంకో గరిటె చారు వేసింది. నీకు అంత కష్టంగా ఉంటే వద్దులే బావా, పోతే పోదాం అంది. ఆ మాట నిజంగానే అంది. అయితే లోపలి గదిలోంచి ధాత్రి స్నేహితురాలితో ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతున్న మాటలు ఇద్దరికీ వినిపిస్తున్నాయి. వాటిలో ఒక్క తెలుగు ముక్క లేదు. ఆ పిల్లను తీసుకుపోయి కందుకూరులో ఏ బడిలో కూర్చోబెడతారో ఇద్దరికీ తెలియదు. శేషగిరి చెయ్యి కడుక్కుని కోటు వేసుకున్నాడు. శ్యామల అతని మెడకు మఫ్లరు చుట్టింది గానీ ముఖంలోకి చూడలేదు.

పుస్తకంలో గెరిట్ అప్పటికే కారణం రాసిపెట్టాడు. సోమవారం పొద్దున పూట, ఎర్ర పట్టీ చూసుకోకపోవడం. సాయంత్రం అని రాస్తే అది ట్రెంట్ పూట. పక్కన గడి ఖాళీగా ఉంది. శేషగిరి పేరు మొత్తం రాశాడు, ఇంటిపేరుతో సహా. అతని అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. కేంద్రంలో అందరూ మెచ్చుకున్న దస్తూరి. ఇక్కడ ఆ మెప్పు ఎవరికీ అక్కర్లేదు.

కాలువ గడ్డకట్టింది గనక ట్యాంకు వాల్వుకు లావు గొట్టం తగిలించి కొట్టం వెనక్కి వదిలారు. వాల్వు తిప్పింది శేషగిరే. పాలు ఒక్కసారిగా దూకి మంచులో గుంత చేశాయి, ఆవిరి లేచింది. మంచు పక్కన పాలు తెల్లగా ఉండవు. లేత పసుపుగా, మనిషి వాడిన వస్తువులా కనిపిస్తాయి. ఏడువేల లీటర్లు పోవడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ అతను గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకోకపోయినా అది కదలదు. అరలీటరు పాలు కేంద్రంలో పోయడానికి వానలో కోసు దూరం నడిచి వచ్చే ముసలమ్మలు గుర్తొచ్చారు. వాళ్ళు ఇది చూస్తే తిట్టరు, ఏడుస్తారు.

ట్రక్కు డ్రైవరు సరిగ్గా రెండింటికి వచ్చాడు. ఖాళీ ట్యాంకు చూసి, పుస్తకం చూసి, పేరు చదవలేక శేషగిరి వైపు చూశాడు. ఇంత మంచులో, ఇంత దూరం, దీనికోసమా అన్నట్టు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. గెరిట్ ఆ పక్కనే ట్రాక్టరు మీద కూర్చుని రోడ్డు మొదట్లో మంచు తోస్తున్నాడు.

బుధవారం కూడా బడులు తెరవలేదు. టౌను మనుషులు మాత్రం వచ్చారు. పొద్దుటి పాలు అయ్యాక ట్రెంట్ దూడల కొట్టంలోకి వచ్చి శేషగిరి పక్కన గడ్డి మోపు మీద కూర్చున్నాడు. మనసులో ఏదీ దాచుకోలేని ముఖం అతనిది. పోయిన వేసవిలో తనకూ ఇలాగే అయిందనీ, నాన్న వారం రోజులు మాట్లాడలేదనీ చెప్పాడు. నువ్వేమీ దిగులుపడకు గిరి, నిన్ను పంపించొద్దని నాన్నతో చెప్పాను అన్నాడు. శేషగిరి సీసా పట్టుకుని దూడకు పాలు తాగిస్తున్నాడు. అతని చెయ్యి ఆగింది.

గెరిట్ కొడుకుతో చెప్పలేదు. తప్పు ఎవరిదో కొడుక్కి కూడా తెలియనివ్వలేదు. ట్రెంట్ తను చేసిన తప్పును వేరేవాడి తప్పుగా నమ్మి, పాపం, జాలిపడుతున్నాడు. దెబ్బలాడటానికైనా ఎదుట దోషి లేకుండా పోయాడు. శేషగిరికి ఒళ్ళు మండింది. మండినందువల్ల ఒరిగేది ఏమీ లేదు గనక థాంక్యూ ట్రెంట్ అన్నాడు. దూడ సీసాను తలతో కుమ్మింది. అతను మళ్ళీ వంచి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి ధాత్రి వంటింటి బల్ల దగ్గర నిలబడి ఉంది. పుస్తకంలోని ఆ పేజీకి గెరిట్ ఇచ్చిన నకలు ఆమె చేతిలో ఉంది. శ్యామల సొరుగులో పెట్టడం మరిచిపోయింది.

"నాన్నా, ఇట్ సేస్ యూ మిస్డ్ ద రెడ్ బ్యాండ్. రియల్లీ?" అంది.

పొయ్యి దగ్గర శ్యామల వెనక్కి తిరగలేదు.

"అవునమ్మా. తప్పు నాదే" అన్నాడు శేషగిరి.

"బట్ యూ నెవర్ మిస్ ఎనీథింగ్."

అతను బూట్లు విప్పుతూ కూర్చున్నాడు. తాళ్ళు మంచుకు బిగిసి ఎంతకూ రాలేదు. ధాత్రి కాసేపు ఆలోచించి, ఇట్స్ ఓకే నాన్నా అని, లోపలికి పోయి పసుపు చీటీ ఒకటి తెచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో చెక్ ద రెడ్ బ్యాండ్ అని రాసి, కింద ఆవు బొమ్మ వేసింది. టోపీ లోపల అంటించుకో, టోపీ తీసినప్పుడల్లా గుర్తొస్తుంది అని ఇంగ్లీషులో వివరించింది. తను లెక్కల పరీక్షకు అలాగే చేస్తుందట. శేషగిరి ఆ చీటీని టోపీలో అంటించుకున్నాడు. శ్యామల స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పింది.

గురువారం ఎండ కాసింది. వేడి లేని ఎండ. రోడ్డుకు రెండు పక్కలా మంచు మనిషి ఎత్తున నిలబడి ఉంది. సాయంత్రపు పాల వేళకు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, చేతిలో ట్యాబ్లెట్టు, బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు. ఆమె కారు దగ్గర తొడుగులు వేసుకుంటుంటే గెరిట్ ట్యాంకు గదిలో శేషగిరి పక్కకు వచ్చి నిలబడ్డాడు. మోకాలు నిమురుకుంటూ, అద్దంలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు. ఆమె చూసేది ఒక్కటేనట. పని తెలియక చేశాడా, తెలిసీ నిర్లక్ష్యం చేశాడా. తెలియనివాడికి నేర్పుతారు. తెలిసినవాడైతే మళ్ళీ పాల దగ్గరికి రానివ్వరు. అంతే చెప్పి తలుపు తీయడానికి వెళ్ళాడు. శేషగిరికి మాటలు అందాయి గానీ, వాటి బరువు ఇంకా అందలేదు.

ముందు ఎర్ర పట్టీ ఎలా కడతారో ట్రెంట్ చూపించాడు. ఎడమ కాలు, మడమ పైన రెండు వేళ్ళ ఎత్తు, మరీ బిగించకూడదు. నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి, చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాడు. పేడ అంటితే తుడిచి చూడాలన్నాడు. శేషగిరి ప్రతిదానికీ తల ఊపాడు. ఇన్‌స్పెక్టర్ ట్యాబ్లెట్టులో టిక్కులు పెట్టుకుంది. తర్వాత ఒక ఆవుకు నువ్వే చేసి చూపించు అంది.

పట్టీ కట్టిన ఆవు ఒకటే ఉంది. 214.

శేషగిరి గుడ్డ తీసుకున్నాడు. ఆ తర్వాత చేతులు అతన్ని అడగలేదు. అరచెయ్యి పొదుగు కింద ఆనించి వేడి చూశాయి. వాపున్న వెనక చన్నును వదిలి, మంచి చన్నులు ముందు తుడిచాయి. బొటనవేలు, చూపుడువేలు ఒక్కసారి అలా జారాయి. మొదటి ధార, పాలు పరీక్షించి చూసే నల్లగిన్నెలో పడింది. 214 కళ్ళు సగం మూసి, నడుము సడలించి, కాలు కాస్త పక్కకు వేసి నిలబడింది. పాలు పీల్చే యంత్రం కప్పు తగలకముందే పాలు చేపాయి.

ఇన్‌స్పెక్టర్ వేలు ట్యాబ్లెట్టు మీద ఆగిపోయింది. ఒక అడుగు ముందుకు వేసి అతని చేతులకేసి చూసింది. ఆ చూపులో మెప్పు ఉంది. పని తెలిసినవాళ్ళు పని తెలిసినవాళ్ళను చూసే చూపు. ఈ దేశంలో అతన్ని అలా ఎవరూ చూడలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు ఇది? ఇంతకుముందు చేసేవాడివా?" అని అడిగింది.

గెరిట్ దగ్గాడు. మా దగ్గరికి వచ్చాకే, ఈమధ్యే అన్నాడు. ఆమె గెరిట్ వైపు చూడలేదు. శేషగిరి వైపే చూస్తూ జవాబు కోసం ఆగింది.

అప్పుడు అందింది అతనికి ఆ బరువు. ఇరవై రెండేళ్ళు అన్న మాట నాలుక చివరికి వచ్చి ఉంది. అది అంటే ఆమె నమ్ముతుంది. ఇలాంటి చేతులు పట్టీ చూసుకోలేదంటే అది తెలియనితనం కాదని కూడా రాసుకుంటుంది. ఎంత బాగా చేస్తే అంత దోషి. నిజం చెప్పేస్తే ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఉన్నది తన పేరే. తర్వాత సొరుగులో ఉన్న ఫారం గుర్తొచ్చింది.

"ఇక్కడికొచ్చాకే" అన్నాడు. "కొంచెం కొంచెం వచ్చు."

మిగతాది చెయ్యి అంది ఆమె.

శేషగిరి కప్పుల గుత్తి అందుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. గాలి సుయ్యిమని లాగింది. ముందు చన్నుకు పెట్టాల్సింది వెనక చన్నుకు పెట్టాడు, సరిగ్గా వాపున్నదానికి. 214 చెవులు వెనక్కి వాల్చింది. రెండో కప్పు వంకరగా పెడితే జారి నేలకు తగిలింది. ట్రెంట్ నిట్టూర్చాడు. ఇంకా చాలదేమో అనిపించింది శేషగిరికి. ఇన్‌స్పెక్టర్ ముఖంలో ఆ మెప్పు ఇంకా పూర్తిగా పోలేదు. గాలి ఆపకుండా కప్పు లాగితే చన్ను పీక్కుపోయినంత నొప్పి. అది మొదటి రోజు పనిలోకి వచ్చినవాడు చేసే తప్పు. అతనికి తెలుసు. తెలిసే, పళ్ళు బిగించి, వాపున్న చన్ను నుంచి కప్పు పట్టి లాగేశాడు.

214 తన్నింది. గిట్ట అతని ముంజేతికి తగిలి, మోచేతిని వెనక ఇనప కమ్మీకేసి కొట్టింది. కళ్ళ ముందు నల్లబడింది. ఆవు వణుకుతూ, కాలు ఎత్తి పట్టుకుని, మెడ తిప్పి గుంతలోకి చూసింది. శేషగిరి దానికేసి చూడలేకపోయాడు.

ట్రెంట్ దూకి వచ్చి కప్పులు లాక్కున్నాడు. ముందు గాలి ఆపాలి గిరి, ఇదిగో ఈ మీట నొక్కాలి, ఎన్నిసార్లు చెప్పాను అన్నాడు. నిజానికి ఎన్నడూ చెప్పలేదు. పోయిన వసంతంలో ఆ మీట ట్రెంట్‌కు సరిగ్గా నొక్కడం చూపించింది శేషగిరే. ఇన్‌స్పెక్టర్ దెబ్బ తగిలిందా అని అడిగింది. లేదన్నాడు. ఆమె ముఖంలో ఇందాకటి చూపు పోయి జాలి వచ్చి కూర్చుంది. ఇతనికి ఇంకా టైము కావాలి, దగ్గరుండి నేర్పండి అని గెరిట్‌తో నెమ్మదిగా అంది. ట్యాబ్లెట్టు మూసేముందు, రూలు ప్రకారం అడగాలి గనక అడిగింది: సోమవారం పొద్దున పట్టీ చూసుకోనిది నువ్వేనా?

"మై మిస్టేక్" అన్నాడు శేషగిరి.

ఆమె కారు మలుపు తిరిగాక గెరిట్ అతన్ని వంటింట్లోకి పిలిచాడు. సొరుగు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మూడు చోట్ల సంతకాలు పెట్టాడు. అక్టోబరు నుంచి నాలుగు నెలలు పట్టిన పని ఒక్క నిమిషంలో అయిపోయింది. కాగితాలు చేతిలో పెడుతూ, కళ్ళెత్తకుండా, ఇవాళ బాగా చేశావు గిరి అన్నాడు. మనిషి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. శేషగిరి కాగితాలు కోటు లోపల పెట్టుకుని, తాడు పట్టుకుని, ఇంటికి నడిచాడు. మధ్యలో కొట్టం తలుపు దగ్గర ఆగాడు. లోపలికి వెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

శ్యామల మూడు సంతకాలనూ మూడుసార్లు తడిమి చూసింది. ధాత్రిని పిలిచి చదివించింది. కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, అమ్మకు ఫోన్ చేయాలి అక్కడ టైమెంత అయిందో అంది. అప్పుడు అతను కోటు విప్పడానికి ఎడమ చెయ్యి రాక తంటాలు పడటం చూసింది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. ముంజెయ్యి పొడుగునా నల్లగా కమిలి, వాచిపోయి ఉంది.

"ఏమైంది బావా?"

"ఆవు తన్నింది."

"ఏ ఆవు?"

"214."

శ్యామల నమ్మలేదు. శనివారం సూది వేసేటప్పుడు కూడా కదలకుండా, అతని చంకలో మూతి పెట్టుకుని నిలబడిన ఆవు అది. దాన్ని అతను అమ్మడూ అని పిలవడం ఆమె ఎన్నోసార్లు విన్నది.

"అదా? నిన్నా? అదెందుకు తన్నింది?"

"దాందేం లేదు. తప్పు నాదే" అన్నాడు శేషగిరి.

ఆ వారంలో ఆ మాట అతను అనడం అది మూడోసారి. మొదటిసారి కూతురితో అన్నాడు, రెండోసారి ఇన్‌స్పెక్టర్‌తో అన్నాడు. నిజం చెప్పింది మాత్రం ఈ ఒక్కసారే.